జబాబ బొమ్మ చేసిన చెయ్యి

తొడుగు బిగించగానే కనకవల్లి కుడిచెయ్యి ఆమె మాట వినడం మానేస్తుంది. మొదటి రోజు భయపడింది. ఇప్పుడు పదకొండో వారం. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న మనిషిలా, చెయ్యి ఎటు వెళ్తే అటు చూస్తూ కూర్చుంటుంది.

"భుజం వదిలెయ్యండి వల్లిగారూ. ఇంకా పట్టి ఉంచారు," అన్నాడు భార్గవరామ్, అద్దం అవతల తెరల ముందు కూర్చుని.

"భుజం వదిలేస్తే పైట జారుతుంది. మీరు అటు తిరగండి, వదిలేస్తాను."

అతను నవ్వి కుర్చీ తిప్పుకున్నాడు. కనకవల్లి భుజం వదిలింది. చెయ్యి ముందున్న తడిమట్టిలోకి దిగింది.

ఆ మట్టి విశాఖపట్నం శివార్లలో కుండలు చేసేవాళ్ల దగ్గర తెచ్చింది. దాని మీద కదులుతున్న కదలిక మాత్రం నాలుగు వేల ఏళ్ల కిందటిది, ఇప్పటి ఇరాక్‌లో ఉన్న కిష్ అనే నగరానిది. పక్కన గాజుపెట్టెలో అసలు బొమ్మ ఉంది. జానెడు పొడుగు. కాళ్లు విరిగిపోయాయి, కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయింది. అది జబాబ. కిష్ నగరానికి సొంత దేవుడు, యుద్ధానికి దేవుడు. రాజులు తమ గెలుపులన్నీ ఆయనకే చెప్పుకునేవారట. ఒక విదేశీ మ్యూజియం ఆ బొమ్మని నాలుగు నెలలకి ఈ ప్రయోగశాలకి అప్పుగా ఇచ్చింది.

తడిమట్టిని వేలితో నొక్కితే లోపలి రేణువులు నొక్కిన వైపుకి ఒరుగుతాయి. కాల్చాక అలాగే నిలిచిపోతాయి. భార్గవరామ్ యంత్రం ఆ ఒరుగుడుని చదివి, ఏ వేలు ఎంత బరువుతో ఎటు వెళ్లిందో లెక్కకట్టి, తొడుగులోని సన్నటి తీగలకి చెబుతుంది. తీగలు వేళ్లని కదుపుతాయి. కాని ఎక్కడ బొమ్మ పెచ్చులూడిందో అక్కడ లెక్క తెగిపోతుంది. ఆ ఖాళీని దాటడానికి బతికున్న చెయ్యి కావాలి, అది మొండికెయ్యని చెయ్యి అయి ఉండాలి. శిల్పం చెక్కే అతను వచ్చాడు, వయొలిన్ వాయించే ఆవిడ వచ్చింది, ఒక సర్జన్ కూడా వచ్చాడు. నైపుణ్యం ఉన్న ప్రతి చెయ్యీ తన పద్ధతే చూపించబోయింది. కనకవల్లి చెయ్యి ఒక్కటే ఎదురుచూసింది.

అలా ఎదురుచూడటం దానికి సంహిత దగ్గర అలవాటు. సంహితకి ఇప్పుడు పదిహేడేళ్లు. రెండేళ్ల వయసులో వచ్చిన జ్వరం చూపునీ వినికిడినీ ఒకేసారి తీసుకుపోయింది. ఆ తర్వాత తల్లి ఆ పిల్ల అరచేతిలో ఒక భాష తయారుచేసింది. అందులో అక్షరాలు లేవు. అరచేతి మధ్యలో ఐదు వేళ్లూ దగ్గరికి వస్తే అన్నం. మణికట్టు మీద వేలికొసలు పరిగెత్తితే వాన. కణుపులతో రెండుసార్లు తట్టితే అత్త. కోపానికి ఒకటి, ఉత్తుత్తి కోపానికి ఇంకొకటి. పదిహేనేళ్లలో ఆ భాష ఎంత పెరిగిందంటే, పక్కింటివాళ్ల గురించి చెడ్డగా మాట్లాడుకోవడానికి కూడా సరిపోయేది.

"నేను పోయాక దాంతో ఎవరు మాట్లాడతారండీ?" అని కనకవల్లి అడిగింది భార్గవరామ్‌ని, మొదటిసారి కలిసినప్పుడు. భర్త జగన్నాథం కాలేయం జబ్బుతో పోయి అప్పటికి ఆరేళ్లు.

"మీ చేతిని ఈ తొడుగులో దాచిపెడతాను. తర్వాత దీన్ని ఎవరు తొడుక్కున్నా మీరు మాట్లాడినట్టే ఉంటుంది ఆ అమ్మాయికి," అన్నాడతను.

ఆమె ఒప్పుకున్నది ఆ ఒక్క మాటకే. ప్రయోగశాల వెనక క్వార్టర్స్‌లోకి మారారు. మొదటి రోజు తొడుగు వేసుకుని కూతురితో మూడు గంటలు మాట్లాడింది. యంత్రం ఆ చేతిని దాచుకుంది.

ఎవరిదో కదలిక తన చేతికి అంటుకుపోతుందేమోనన్న భయం మొదటినుంచీ ఉంది. అందుకే ఒక నియమం పెట్టుకున్నారు. తొడుగు తీసిన తర్వాత ఒక గంట, మనిషి తన చేతికి బాగా అలవాటైన పని చెయ్యాలి. ప్రయోగశాలలో దాన్ని చెయ్యి కడుక్కోవడం అనేవారు. వయొలిన్ ఆవిడ వాయించుకునేది. కనకవల్లి ఏం చేస్తుందని అడిగితే, "మా అమ్మాయితో కబుర్లు చెబుతాను. నా చేతికి అంతకంటే బాగా తెలిసిన పని లేదు," అంది. ఆ గంటలో ఆమె చెయ్యి ఎలా కదులుతుందో, సంహిత ఎలా బదులిస్తుందో కూడా గదిలోని కెమెరాతో యంత్రం రాసుకునేది.

ఇంకో మాట కూడా ఆమే అడిగింది. వారం వారం కొత్త మాటలు పుడుతుంటాయి కనుక ప్రతి శుక్రవారం తన చేతిని మళ్లీ దాచమంది. భార్గవరామ్ ఏ శుక్రవారమైనా మరిచిపోతే, ఫోన్ చేసి మరీ గుర్తుచేసేది.

ఇవాళ చెయ్యి బొమ్మ ఛాతీ దాటి కుడిచేతి దగ్గరికి వచ్చింది. చిన్న మట్టిముద్దని చుట్టి, పొడుగు చేసి, కొసన ఉండ పెట్టింది. గద. దాన్ని బొమ్మ పిడికిట్లో ఉంచింది. అంతలో బొటనవేలు వచ్చి ఆ గదని అణిచేసి, అక్కడ ఏమీ లేనట్టు నున్నగా పామింది.

భార్గవరామ్ కుర్చీ ఇటు తిప్పాడు. "మీరు చేశారా అది?"

"నేను కాదు."

చెయ్యి మళ్లీ గద చుట్టింది. పెట్టింది. మళ్లీ బొటనవేలు. మూడోసారి కూడా అంతే. ఆ బొటనవేలులో తొందర లేదు. నిద్రలో పిల్ల కప్పుకున్న దుప్పటి సర్దినట్టు, నెమ్మదిగా, అటూ ఇటూ.

"యుద్ధదేవుడి చేతిలోంచి ఆయుధం తీసేస్తున్నారెవరో," అన్నాడు భార్గవరామ్. "గుడికి బొమ్మలు చేసిచ్చేవాళ్లు కారు. ఇది చిన్న చెయ్యి. ఆఖరికి ఏం చేశారో తెలియాలి, వల్లిగారూ. గద పెట్టారా, తీసేశారా? అది ఆ తెగిపోయిన మణికట్టులో ఉంది. ఇంకో రెండుమూడు సార్లు కూర్చుంటే వస్తుంది."

"ఎవరినో యుద్ధానికి పంపుతూ చేసినట్టుంది," అంది కనకవల్లి, తొడుగు విప్పుకుంటూ.

"అలా ఎందుకనుకుంటున్నారు?"

"ఏమో. చేతికి అనిపించింది."

ఆ మధ్యాహ్నం క్వార్టర్స్‌లో సంహిత అరటికాయ వేపుడు తిని, తల్లి చేతిని అందుకుని, చాలా బాగుందని చెప్పింది. తర్వాత కృతజ్ఞతలు కూడా చెప్పింది. ఆ మాటని వాళ్లు ఎప్పుడో తయారుచేసుకున్నారు గాని ఇంట్లో వాడిన గుర్తు లేదు. పోయిన ఏడాదైతే కూరలో ఉప్పు తక్కువైనా తల్లి మోచేతి మీద గిల్లేది. ఈ మధ్య గిల్లడం లేదు. ఏది పెడితే అది తింటోంది. పిలిస్తే లేస్తోంది. తల్లి చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి, నిదానంగా, ఒక్కో మాటా నొక్కి బదులిస్తోంది.

"దానికి పెద్దరికం వచ్చేసిందండీ," అని కనకవల్లి మర్నాడు ప్రయోగశాలలో సంతోషంగా చెప్పుకుంది.

పదమూడో వారంలో సత్యవేణి వచ్చింది. జగన్నాథానికి చెల్లెలు, పలాసలో బడి పంతులమ్మ. అన్న జబ్బు పడ్డప్పుడు సెలవు పెట్టి రెండేళ్లు వీళ్లింట్లో ఉండి, కనకవల్లి దగ్గర ఆ భాష నేర్చుకుంది. అన్న పోయాక ఉద్యోగంలోకి తిరిగి వెళ్లింది. ఆ తర్వాత ఫోన్లే గాని రావడం పడలేదు.

"ఏటి వదినా, ఇలగ చిక్కిపోనావు? నీకు తొడుగు తొడిగీసి తిండి పెట్టడం మానీసారా ఏటి ఆ ప్రొఫెసరు?" అంటూ జీడిపప్పు సంచి గుమ్మంలోనే దింపింది.

"నువ్వు మాత్రం పలాస జీడిపప్పంతా నువ్వే తింటున్నట్టున్నావు."

"తినకపోతే పాడైపోద్ది గదా మరి. ఏదీ, నా కోడలేదీ?"

సంహిత కిటికీ దగ్గర కుర్చీలో ఎండకి ముఖం పెట్టి కూర్చుని ఉంది. కనకవల్లి మజ్జిగ తేవడానికి వంటగదిలోకి వెళ్లింది. సత్యవేణి మేనకోడలి పక్కన నేల మీద చతికిలపడి, ఆ చెయ్యి తీసుకుని, కణుపులతో రెండుసార్లు తట్టి, ఎలా ఉన్నావే మొద్దూ అని అడిగింది.

సంహిత కదలకుండా అయిపోయింది. తర్వాత ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మోచెయ్యి దాకా, భుజం దాకా, ముఖం దాకా తడిమింది. ముఖం దగ్గర ఆగింది. మళ్లీ అరచెయ్యి చాపి, ఇంకొంచెం మాట్లాడమంది. సత్యవేణి నవ్వుతూ రైలు గురించి, రైల్లో పక్కనావిడ గురించి చెప్పింది. సగంలోనే సంహిత నోటినుంచి సన్నటి శబ్దం వచ్చింది. ఆ పిల్ల ఏడిస్తే అలాగే వస్తుంది. ఏడుస్తూనే అత్త అరచేతిలో గబగబా ఏదో చెప్పింది.

కనకవల్లి గ్లాసు పట్టుకుని వచ్చేసరికి సత్యవేణి తల తిప్పి చూసింది. "వదినా, ఇదేటి ఇలగంటంది?"

"ఏమంటోంది?"

"అమ్మ దగ్గర్నుంచి వచ్చీసావా అంటంది. అమ్మ ఎక్కడుంది, బాగుందా అని అడుగుతంది."

"సరిగ్గా అర్థం కాలేదేమో నీకు. ఆరేళ్లయింది కదా," అంటూ కనకవల్లి గ్లాసు కింద పెట్టి కూతురి చెయ్యి అందుకుంది. నేను ఇక్కడే ఉన్నానని చెప్పింది. సంహిత కళ్లు తుడుచుకుని, చెప్పేది పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగింది. తర్వాత, ఇంటికి వచ్చిన మనిషిని ఓదార్చినట్టు తల్లి చేతి మీద రెండుసార్లు తట్టి, మెల్లగా తన చెయ్యి విడిపించుకుని అత్త వైపు తిరిగింది.

"నాతో ఏదైనా చెప్పు," అని సత్యవేణి తన అరచెయ్యి చాపింది. "ఏదో ఒకటి. వాన వస్తందని చెప్పు."

కనకవల్లి చెప్పింది.

"ఇది వానా?" సత్యవేణి తన మణికట్టు చూసుకుంది. "నువ్వు నాకు నేర్పినప్పుడు వేళ్లు పరిగెత్తించీదానివి. ఇప్పుడు ఒక్కొక్క వేలూ మట్టిలో దిగేసినట్టు దిగేస్తన్నావు. చెప్పడం అయిపోయాక ఆ బొటనవేలితో పాముతావేటి?"

"పాముతున్నానా?"

"ఇప్పుడు కూడా పాముతన్నావు."

కనకవల్లి కిందికి చూసింది. బొటనవేలు ఆడబిడ్డ అరచేతి మీద నెమ్మదిగా అటూ ఇటూ తిరుగుతోంది.

ఆ సాయంత్రం భార్గవరామ్ పదమూడు వారాల చెయ్యి కడుక్కునే గంటల్ని తెర మీద పక్కపక్కన పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. కనకవల్లి స్టూలు మీద కూర్చుని ఉంది.

"చెప్పండి. నాకు సర్దుబాటు మాటలు వద్దు."

"ప్రతి వారం కొంచెం కొంచెం," అన్నాడతను. "రెండో వారంలోనే మొదలైంది. మీకు తెలియకపోవడానికి కారణం ఆ అమ్మాయి. మీ చెయ్యి ఎంత మారితే తను కూడా అంత మారి బదులిచ్చింది. వయొలిన్ అయితే తప్పు పలికితే వినిపిస్తుంది. మీ అమ్మాయి మీ తప్పుకి తగ్గట్టు సర్దుకుంది. ఆమె బదులు సరిగ్గా అందుతోంది కనుక మీ చెయ్యి బాగానే ఉందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను."

"సరే. మొదటి రోజుది తియ్యండి. మూడు గంటలు మాట్లాడాను కదా. అది తొడుక్కుని నేర్చుకుంటాను."

అతను తెర మీది గంటల్ని ఒక్కొక్కటిగా మూసేశాడు.

"భార్గవరామ్ గారూ."

"అది విడిగా లేదండీ. యంత్రం ఒక్కటే చేతిని ఉంచుకుంటుంది. శుక్రవారం కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని దాన్నిబట్టి దిద్దుకుంటుంది. పన్నెండుసార్లు దిద్దింది." అతను కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "విడిగా ఒక కాపీ ఉంచాలని నాకు తట్టలేదు. తట్టాల్సింది."

"ప్రతి శుక్రవారం గుర్తుచేసింది నేను," అంది కనకవల్లి. "ఒక్క వారం మీరు మరిచిపోతే మిమ్మల్ని తిట్టాను కూడా."

బొమ్మ సోమవారం తిరిగి వెళ్లిపోవాలి. మణికట్టు దగ్గరి కదలిక ఇంకా రాలేదు. అతను ఆ సంగతి ఎత్తలేదు. ఆమె లేచి వెళ్లబోతూ బల్ల దగ్గర ఆగింది. తడిగుడ్డ కింద మట్టి ఉంది. గుడ్డ తీసింది.

"వద్దండీ. ఇంక తొడుగు వద్దు," అన్నాడతను లేస్తూ.

"తొడుగు అక్కర్లేదనుకుంటాను."

ఉత్త చెయ్యి మట్టిలో పెట్టింది. తీగలు లేవు, లెక్కలు లేవు. చెయ్యి తనంతట తనే మొండెం ఎత్తింది, భుజాలు దిద్దింది, పిడికిలి చేసింది. గద పెట్టి తీసేసింది. పెట్టి తీసేసింది. పెట్టి తీసేసింది. నాలుగోసారి గద చుట్టి పిడికిట్లో ఉంచి, ఆగింది. కనకవల్లి బొటనవేలుని చూసింది. అది వచ్చింది. గదని అణచలేదు. బొమ్మ వేళ్లని ఒక్కొక్కటిగా గద చుట్టూ మూసి, ఆ పిడికిలి మొత్తాన్ని తనలో పట్టుకుని ఉండిపోయింది. ఎంతకీ వదల్లేదు. చివరికి ఆమె ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు విప్పుకోవలసి వచ్చింది.

"పెట్టేసింది," అంది కనకవల్లి. "ఇష్టం లేకుండానే పెట్టి పంపించేసింది. రాసుకోండి."

భార్గవరామ్ రాసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సోమవారం బొమ్మని పెట్టెలో సర్ది పంపించేటప్పుడు, ఆ మణికట్టు గురించి నివేదికలో తెలియలేదనే రాశాడు.

సత్యవేణి నెల రోజులు సెలవు పెట్టింది. పొద్దున్నే టిఫిన్లు అయ్యాక ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చునేవారు. ఒకప్పుడు తను నేర్పిన భాషనే కనకవల్లి ఆడబిడ్డ దగ్గర నేర్చుకునేది.

"తేలిగ్గా, వదినా. నీళ్ల మీద ఆకుని తాకినట్టు."

"ఇలాగా?"

"అంత తేలిగ్గా కాదు. నువ్వప్పుడు కొంచెం గట్టిగానే మాట్లాడీదానివి. నాకు నేర్పీటప్పుడు ఎన్నిసార్లు చేతి మీద కొట్టావో గుర్తుందా?"

"నువ్వు అప్పుడూ మొద్దువే."

చూసుకుంటూ చేస్తే వేళ్లు పరిగెత్తేవి. రెండు మాటలు దాటి ధ్యాస మాట మీదికి వెళ్లగానే వేళ్లు బరువుగా దిగిపోయేవి, బొటనవేలు బయల్దేరేది. పైగా సత్యవేణికి తెలిసింది ఆరేళ్ల కిందటి భాష. సంహిత పదకొండో ఏడుకి అవసరమైన మాటలు. ఉత్తుత్తి కోపం ఎలా చెప్పేదో ఇద్దరికీ గుర్తు రాలేదు.

సెలవు ఇంకో నాలుగు రోజులుందనగా, ఇంక దాచి లాభం లేదని సత్యవేణి మేనకోడలికి అంతా చెప్పింది. యంత్రం, తొడుగు, మట్టిబొమ్మ, ఎప్పటిదో ఒక నగరం. చాలాసేపు పట్టింది. కనకవల్లి ఎదురుగా కూర్చుని కూతురి ముఖం చూస్తూ ఉంది. సంహిత మధ్యలో ఆపి ఆపి అడిగింది. తర్వాత తను చెప్పడం మొదలుపెట్టింది. సత్యవేణి ఒక్కో ముక్కా పైకి చెప్పింది.

"ఒంటివాసన అమ్మదేనంట. చీరలు కూడా అమ్మవేనంట. చెయ్యి మాత్రం వేరంట... అమ్మకి నాన్నలాగే జబ్బు చేసీసి ఎక్కడో ఉంచారనుకుందంట. తనకి చెప్పకుండా, అమ్మ చీరలు కట్టి ఈవిడని పంపిస్తన్నారనుకుందంట."

"మరి నన్నెందుకు అడగలేదో కనుక్కో."

సత్యవేణి అడిగింది.

"అడిగితే నువ్వు బాధపడతావని ఊరుకుందంట. నువ్వు మంచిదానివేనంట. ఎవర్నో పంపించీసి వచ్చావంట. అందుకే మాట చెప్పాక చెయ్యి వదల్లేవంట."

కనకవల్లి పెదాలు బిగించుకుంది. "నేనే అమ్మనని చెప్పు. నీ చేత్తో చెప్పు, సత్యా. నీ చేతిని నమ్ముతుంది."

సత్యవేణి చెప్పింది. రెండోసారి కూడా చెప్పింది. సంహిత చెయ్యి చాపింది. కనకవల్లి తన కుడిచెయ్యి ఆ చేతిలో పెట్టింది. పిల్ల ఒక్కో వేలూ మొదటినుంచి కొస దాకా చూసింది. గోళ్లు చూసింది. నూనె చింది కాలిన మచ్చ దగ్గర ఆగి, దాన్ని గుర్తుపట్టి, తల ఊపింది. తర్వాత అరచెయ్యి తెరిచి, మాట్లాడమంది.

కనకవల్లి మాట్లాడింది. నెల రోజులు నేర్చుకున్నదంతా కూడదీసుకుని, తేలిగ్గా, పరిగెత్తిస్తూ, నేను అమ్మని, ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ వెళ్లలేదు అని చెప్పింది. మొదటి మాట బాగానే వచ్చింది. తర్వాత కళ్లలో నీళ్లు అడ్డం వచ్చాయి, చేతిని చూసుకోలేకపోయింది.

సంహిత ఆ చేతిని తన ఒళ్లో ఉంచుకుని, ఇంకో చేత్తో అత్త అరచెయ్యి వెతుక్కుంది. కొంచెమే చెప్పింది. సత్యవేణి కిటికీ వైపు చూడటం మొదలుపెట్టింది.

"ఏమంది?"

"ఏదో అంటంది లే, వదినా. చిన్నపిల్ల."

"ఏమందో చెప్పు, సత్యా."

"ఇది అమ్మ కాదంట. మనిద్దరం కలిసి తనకి సర్దిచెప్తన్నామంట." సత్యవేణి ముక్కు తుడుచుకుంది. "అయినా నిన్ను ఎల్లిపోవద్దంటంది. అమ్మ వచ్చీదాకా తన దగ్గరే ఉండమంటంది."

కనకవల్లి కూతురి చెయ్యి తెరిచి, ఉంటానని చెప్పింది.